వెండెల్ కోసం ఉంచిన స్టూలు

రోజూ పొద్దున్న కాఫీ తాగాక ఆర్డిస్ క్వినెల్ పేకలోంచి ఒక ముక్కను చూడకుండా తీసి సాసరు కింద పెట్టేది. మిగిలిన యాభై ఒక్కటీ ఒక్కొక్కటిగా బల్ల మీద తిప్పేది. చిన్న ముక్క వస్తే ఒకటి కలపాలి. పదో, బొమ్మో, ఆసో వస్తే ఒకటి తీసెయ్యాలి. ఏడు, ఎనిమిది, తొమ్మిది లెక్కలోకి రావు. మొత్తం ఇరవై రెండు సెకన్లు పట్టేది. చివర ఒకటి మిగిలితే సాసరు కింద ఉన్నది పెద్ద ముక్క. ఒకటి తక్కువైతే చిన్నది. సరికి సరిపోతే నడిమిది.

"పెద్దది," అనేది పైకి.

సాసరు ఎత్తేది. పెద్దదే ఉండేది. తొమ్మిదేళ్లలో ఒక్కసారి కూడా తప్పలేదు.

ఆ తర్వాత సబ్బుపెట్టెలోంచి ఉంగరం తీసి వేలికి పెట్టుకుని పనికి బయల్దేరేది.

ఆమె పని రీనో ఊళ్లో, నదికి అటూ ఇటూ ఉన్న ఆరు క్లబ్బుల్లో, ఇరవయ్యొకటి ఆట ఆడడం. పేకలో చిన్న ముక్కలు అయిపోయి పెద్దవి మిగిలితే ఆట ఆడేవాళ్ల వైపు మొగ్గుతుంది. అప్పుడు పందెం పెంచాలి. తక్కిన వేళల్లో తగ్గించి కూర్చోవాలి. ఇందులో మోసం లేదు. కళ్ల ముందు పడ్డ ముక్కల్ని గుర్తుంచుకోవడం నేరమని ఏ చట్టంలోనూ రాసిలేదు. అయినా గుర్తుంచుకునే మనిషిని ఏ క్లబ్బూ ఉంచుకోదు. ఒక రోజు వెనకనుంచి భుజం మీద వేలు పడుతుంది. "మీ ఆట మేం తట్టుకోలేం, వెళ్లిరండి," అంటారు. సాయంత్రానికల్లా ఆ మనిషి ఫోటో మిగతా అయిదు క్లబ్బులకూ చేరుతుంది. ఇక ఆ ఊళ్లో కూర్చోడానికి బల్ల ఉండదు.

ఆర్డిస్‌కు యాభై ఏడేళ్లు. భుజం మీద ఆ వేలు పడకుండా బతకడమే ఆమె బతుకు.

ఆమె తల్లి ఒకప్పుడు బోర్డింగు ఇల్లు నడిపేది. దేశం నలుమూలల నుంచీ ఆడవాళ్లు విడాకుల కోసం రీనో వచ్చేవాళ్లు. ఆరు వారాలు ఉంటే చాలు, కోర్టు విడాకులు ఇచ్చేసేది. కాగితం చేతికి రాగానే వర్జీనియా వీధి వంతెన మీద నిలబడి, ఉంగరం నీళ్లలోకి విసిరేసి, రైలెక్కి వెళ్లిపోయేవాళ్లు. ఆర్డిస్ భోజనాల బల్ల దగ్గర వాళ్ల మాటలు వింటూ పెరిగింది. పదేళ్లు వచ్చేసరికి మొగుళ్ల గురించి ఆమెకు తెలియనిది లేదు. తను మాత్రం పెళ్లి చేసుకోలేదు.

ఆ పదో ఏట, ఆగస్టులో, నది బాగా ఎండిపోయినప్పుడు వంతెన కింద రాళ్ల సందులో ఆమెకొక ఉంగరం దొరికింది. మగవాడి వేలి కొలత. లోపలి వైపు 'డబ్ల్యూ' అనే అక్షరం చెక్కి ఉంది.

తల్లి దాన్ని వెలుగులో పెట్టి చూసింది. "ఎక్కడిదో అక్కడే పడేసి రా. ఎవరో వదిలించుకున్న వస్తువు అది."

ఆర్డిస్ నదిదాకా వెళ్లింది. పడెయ్యకుండానే తిరిగొచ్చింది.

పెద్దయ్యాక ఇరవై ఏడేళ్లు టెలిఫోన్ ఆఫీసులో పనిచేసింది. చెవులకు తగిలించుకున్న యంత్రంలో గొంతులు వచ్చేవి, నంబరు అడిగేవి, కలిపితే మాయమయ్యేవి. ముఖం ఒక్కటి కూడా ఎరగదు. నంబర్లన్నీ తలలో ఉండేవి. తర్వాత నంబర్లు తమంతట తామే కలిసే కొత్త యంత్రం వచ్చింది. పదకొండుమంది ఆడవాళ్లకు ఒక కేకు కోసి పెట్టి ఇళ్లకు పంపేశారు. ఆ చలికాలం ఆమెకు లైబ్రరీలో ఒక పుస్తకం దొరికింది. పేకముక్కల్ని ఎలా గుర్తుంచుకోవాలో అందులో ఉంది. ఎలా కనబడకుండా ఉండాలో మాత్రం లేదు. అది తనే నేర్చుకుంది.

ఏ బల్ల దగ్గరా నలభై నిమిషాలకు మించి కూర్చోకూడదు. పెదాలు కదలకూడదు. ఆడేసిన ముక్కల కుప్ప వైపు చూడకూడదు. లెక్కను బూటు లోపల కాలివేళ్లతో పట్టి ఉంచాలి. గంటకోసారి తెలిసి తెలిసి ఒక తెలివితక్కువ పని చెయ్యాలి, అది పై కన్ను చూడాలి. 'పై కన్ను' అని క్లబ్బు వాళ్లు అనేది పైకప్పును. పూర్వం కప్పు మీద చెక్కబాట ఉండేది. మనుషులు దాని మీద నడుస్తూ అద్దాల గుండా కింది బల్లల్ని చూసేవాళ్లు. వాళ్లు నడిస్తే అద్దం వణికేది, కాస్త దుమ్ము రాలేది. ఎక్కడున్నారో తెలిసేది. ఇప్పుడు కప్పుకు బోర్లించిన నల్ల గిన్నెల్లాంటివి వేలాడుతున్నాయి. వాటిలో కెమెరాలున్నాయి. అడుగుల చప్పుడు లేదు. దుమ్ము రాలదు.

మొదటి నెలలోనే ఆమెకు ఒక సంగతి అర్థమైంది. ఒంటరి ఆడమనిషి పందెం పెంచితే పై కన్ను అటు తిరుగుతుంది. మొగుడి మాట విని పందెం పెంచే ఆడమనిషి వైపు ఎవరూ చూడరు.

అలా వెండెల్ పుట్టాడు. ఉంగరంలో ఉన్న అక్షరానికి సరిపోయే పేరు కావాలి కనుక ఆ పేరు. టోనొపా గనుల్లో ఇంజనీరుగా చేసి మానేశాడు. పొడుగు మనిషి. ఎడమ మోకాలు పనిచెయ్యదు. టోపీ తియ్యడు. పైన హోటలు గదిలో ఆలస్యంగా నిద్రలేస్తాడు, ఏ నిమిషాన్నయినా కిందికి దిగి వస్తాడు. ఆయన వచ్చేదాకా పక్క స్టూలు ఖాళీగా ఉంచాలి.

పనిరోజుల్లో పొద్దున్నపూట బల్లలు సగం ఖాళీగానే ఉంటాయి. అందుకని ఆమె ఎక్కువగా వెళ్లే క్లబ్బులో ముక్కలు పంచే నోరీన్ అభ్యంతరం చెప్పేది కాదు. ఎవరికైనా చోటు ఉంచాలంటే క్లబ్బుల్లో ఒక పద్ధతి ఉంది. గ్లాసు కింద వేసే గుండ్రటి అట్టను ఆ స్టూలు ఎదుట, బల్ల మీద బోర్లిస్తారు. బోర్లించిన అట్ట ఉంటే అది మనిషి ఉన్న చోటే.

"మీ ఆయన ఇంకా లేవలేదా?" నోరీన్ ముక్కలు కలుపుతూ అడిగేది.

"లేచాడు. గడ్డం గీసుకుంటున్నాడు. గోడకు సున్నం కొట్టినట్టు నురగ పట్టిస్తాడు. గంట పడుతుంది."

"మా ఇంట్లో ఆ బాధ లేదు. మావాడు గీసుకోనే గీసుకోడు."

"అదృష్టవంతురాలివి."

"ముద్దు పెట్టుకుని చూడండి, అప్పుడు చెబుదురుగాని అదృష్టం సంగతి."

కాలివేళ్ల లెక్క పెరిగినప్పుడు ఆర్డిస్ ఖాళీ స్టూలు వైపు తిరిగేది. "ఏమంటావ్ వెండెల్, పెంచమంటావా?" అనేది. బల్ల చుట్టూ ఉన్నవాళ్లు నవ్వేవాళ్లు. ఆమె కాసేపు స్టూలుతో పోట్లాడి, ఓడిపోయి, పందెం బిళ్లలు ముందుకు తోసేది. పైనుంచి చూసేవాడికి కనబడేది ఒక పిచ్చి పెళ్లాం. ఆమెకు కావలసిందీ అదే.

ఒపల్ అని పానీయాలు తెచ్చే ఆమె, ఇంచుమించు ఆర్డిస్ ఈడుదే, రెండు గ్లాసులు తెచ్చేది. ఆర్డిస్‌కు అల్లం సోడా. వెండెల్‌కు నీళ్లు కలపని విస్కీ. ఆ గ్లాసు బోర్లించిన అట్ట పక్కన అలాగే ఉండేది. ఆర్డిస్ ముట్టేది కాదు.

తొమ్మిదేళ్లు అలా గడిచాయి.

ఆ ఏడు నవంబరులో ఒక పొద్దున్న లేవబోతూ గ్లాసు వైపు చూసింది. అడుగున ఐసుముక్క ఒక్కటే ఉంది. పక్కవాడు తాగి ఉంటాడనుకుంది. పక్కన ఎవరూ కూర్చోలేదన్నది ఇంటికి వెళ్లాక గుర్తొచ్చింది.

తర్వాతి వారం ఒపల్ విస్కీ తెచ్చి పెట్టింది. గ్లాసు అంచున సన్నని నిమ్మతొక్క ఉంది.

"ఇదేమిటి?" అంది ఆర్డిస్.

"మీ ఆయనే అడిగాడు. మొన్న నువ్వు చేతులు కడుక్కోవడానికి వెళ్లినప్పుడు. ఎంత మర్యాదస్తుడే తల్లీ, లేచి నిలబడి మరీ అడిగాడు. ఆ మోకాలితో."

ఆర్డిస్ నవ్వింది. నవ్వాలి కనుక నవ్వింది. నిమ్మతొక్క సంగతి ఆమె ఎన్నడూ ఎవరికీ చెప్పలేదు. ఆమె కల్పించినవాటిలో అది లేదు.

ఇంటికి వెళ్లి లైటు వెయ్యకుండా కూర్చుంది. క్లబ్బు తన నాటకాన్ని కనిపెట్టిందనుకుంది. ఎవరో ఒకణ్ణి టోపీ పెట్టి పంపి తనను పరీక్షిస్తున్నారనుకుంది. కాని క్లబ్బులు అలాంటి వేళాకోళాలు చెయ్యవు. తెలిసిన రోజే గెంటేస్తాయి. ఏదైనా ఒకటే, అనుమానం వస్తే ఆరు వారాలు ఆ గుమ్మం తొక్కకూడదన్నది ఆమె నియమం. క్రిస్మస్ దాటేదాకా ఆ వైపు వెళ్లలేదు.

జనవరిలో వెళితే ఒపల్ ఎదురొచ్చింది. "పాపం ఆయన్ని అలా వదిలేసి ఎక్కడికి పోయావు?"

"ఎవర్ని?"

"బాగుంది వరస. రోజూ పొద్దున్నే వచ్చి ఆ స్టూలు మీద కూర్చునేవాడు. ఆడేవాడు కాదు. ఊరికే ముక్కలు చూస్తూ ఉండేవాడు. చుట్టాలింటికి వెళ్లిందేమో వస్తుందిలెండి అని నేనే చెప్పాను."

"ఏమన్నాడు?"

"వస్తుంది, అన్నాడు."

నోరీన్ అప్పటికే అట్ట బోర్లించి ఉంచింది.

ఆ రోజు లేచి వెళ్లిపోవాల్సింది. ఎల్కోలోనో, ఇంకో ఊళ్లోనో కొత్తగా మొదలుపెట్టాల్సింది. ఆమెకు ఆ సంగతి తెలుసు. కాని కూర్చోగానే లెక్క దానంతట అదే వచ్చింది. కాలివేళ్లు బిగించే పని లేకపోయింది. ముక్క పడేది, అంకె పక్కనుంచి ఎవరో మెల్లగా చెప్పినట్టు వినబడేది. టెలిఫోన్ ఆఫీసులో గొంతులు వినబడినట్టే. ఇరవై ఏడేళ్లు ముఖాల్లేని గొంతుల్ని నమ్మిన మనిషి. దీన్నీ నమ్మింది.

ఫిబ్రవరిలో లోయ మీదికి పోగోనిప్ దిగింది. గడ్డకట్టే మంచుకు అక్కడివాళ్ల పేరు అది. చెట్లూ తీగలూ తెల్లటి ముళ్లతో నిండిపోతాయి. మనిషి తన చెయ్యి చాపి వేళ్లు చూసుకోలేడు. ఆర్డిస్ గోడలు తడుముకుంటూ క్లబ్బుకు వెళ్లింది. లోపల ఎప్పటిలాగే వెలుగు, వెచ్చదనం. బల్ల దగ్గర నోరీన్ తప్ప ఎవరూ లేరు.

"ఈ చలిలో మీరొక్కరే వచ్చారు," అంది నోరీన్. "మీరిద్దరూ."

సగం పేక అయ్యేసరికి అంకె ఏడుకు చేరింది. అలాంటిది ఏడాదికోసారి వస్తుంది. ఆర్డిస్ పందెం పెంచింది. తన ముక్కల్ని కొద్దిగా ఎత్తి చూసుకుంది. ఒక పది, ఒక నాలుగు. పద్నాలుగు. చాలా పాడు ముక్కలు. నోరీన్ తన ముందు ఒక ముక్క తెరిచింది. ఆసు.

"ఇన్సూరెన్స్?" అంది నోరీన్.

ఆసు కింద పదో, పది కిందే లెక్కకొచ్చే బొమ్మో ఉంటే ఆడేవాళ్లందరి పందెమూ పోతుంది. ఉందని విడిగా సగం పందెం కడితే ఆ నష్టం పూడుతుంది. దాని పేరు ఇన్సూరెన్స్. మామూలు జనం మంచి ముక్కలు వచ్చినప్పుడు కడతారు, అవి పోతాయన్న బెంగతో. పాడు ముక్కలకు ఎవరూ కట్టరు. లెక్క తెలిసిన మనిషి మాత్రం తన ముక్కల్ని చూడదు. మిగిలిన పేకలో పదులు ఎన్ని ఉన్నాయన్నదే చూస్తుంది. అందుకే ఆర్డిస్ పాడు ముక్కలు చేతిలో ఉండగా ఇన్సూరెన్స్ కట్టేది కాదు. తొమ్మిదేళ్లలో ఎన్నిసార్లు తెలిసి తెలిసి ఆ లాభం వదులుకుందో. పై కన్ను ముందు ఆమె పెట్టుకున్న అన్ని గోడల్లోనూ అది గట్టి గోడ.

మోచేతి దగ్గర చొక్కా మెల్లగా లాగినట్టయింది. ఒకసారి. మళ్లీ ఒకసారి.

ఆమె బిళ్లలు తీసి ఇన్సూరెన్స్ గీత మీద పెట్టింది.

నోరీన్ తన ముక్క తిప్పింది. రాజు. ఆట అయిపోయింది కనుక ఆర్డిస్ ముక్కల్నీ తెరిచి బల్ల మీద పరిచింది. పది, నాలుగు. నోరీన్ చెయ్యి ఒక్క క్షణం ఆగింది.

"పద్నాలుగుకు కట్టారా?" అంది, చాలా చిన్న గొంతుతో. ఆ తర్వాత ముక్కలు పోగుచేసింది.

పది నిమిషాలకు ఫ్లోర్ మేనేజరు పీట్ ఒయార్బిడే వచ్చాడు. బాస్క్ అనే వలస జాతివాళ్ల కుర్రాడు, కొండల్లో గొర్రెలు కాసినవాళ్ల కొడుకు. ఇప్పుడు నలభై దాటాయి. భుజం మీద వేలు పెట్టలేదు. కొంచెం వంగి, "మిసెస్ క్వినెల్, పైకి రండి, ఒక కప్పు కాఫీ తాగుదాం," అన్నాడు.

ఆమె లేచింది. చేతిసంచి తీసుకుంది. ఇక ఏ బల్లా ఉండదని లెక్కవేసుకుంటూ మెట్లెక్కింది.

పీట్ గదిలో కిటికీ లేదు. కాఫీ పోసి సాసరులో పెట్టి ఇచ్చాడు. కుర్చీ దగ్గరగా జరిపాడు.

"ఈ మాట చెప్పడం నాకు ఇష్టంగా లేదమ్మా," అన్నాడు. "మీరు ఎన్నాళ్లైనా రండి. మీ బల్ల మీదే. ఆయన్ని మాత్రం ఇకమీదట రానివ్వం."

ఆర్డిస్ కప్పు కింద పెట్టింది. "ఎవర్ని?"

"మీ ఆయన్ని."

సొరుగులోంచి ఒక ఫోటో తీసి ఆమె ముందు పెట్టాడు. గది పైకప్పు నుంచి కెమెరా తీసింది. బల్ల అర్ధచంద్రాకారంగా ఉంది. పలచబడ్డ తన నడినెత్తి ఉంది. పక్క స్టూలు మీద ఒక టోపీ, దాని కింద వెడల్పాటి భుజాలు. పొడవాటి చెయ్యి ఒకటి తన మోచేతి మీద ఆనుకుని ఉంది. ఉంగరపు వేలికి ఉంగరం లేదు. అది ఉండాల్సిన చోట చర్మం తెల్లటి పట్టీలా ఉంది.

"పైన ఇద్దరం కూర్చుని మూడు వారాలు టేపులు చూశాం," అన్నాడు పీట్. "మేమూ లెక్కపెట్టాం. ఆయన మీ చొక్కా పట్టుకున్న ప్రతిసారీ మిగిలినవి పెద్ద ముక్కలే. అయినా గట్టిగా చెప్పలేకపోయాం. ఇవాళ పద్నాలుగు మీద ఇన్సూరెన్స్ కట్టించాడు. అంత తెలిసినవాడు అక్కడెందుకు తొందరపడ్డాడో నాకు అర్థం కాలేదు."

ఆర్డిస్ ఫోటోను దగ్గరికి లాక్కుంది.

"మీకు తెలిసి జరిగిందని ఎవరూ అనుకోవడం లేదు. మా అమ్మా అంతే. మా నాన్న ఎక్కడ సంతకం పెట్టమంటే అక్కడ పెట్టేది. అది దేనిమీదో కూడా చూసేది కాదు."

ఇక్కడ 'సరే' అని లేచి వచ్చేస్తే అయిపోయేది. ఆరు క్లబ్బులూ ఆమెకు తెరిచే ఉండేవి. ఆమె తొమ్మిదేళ్లు కోరుకున్నది అదే కదా, తన వైపు ఎవరూ చూడకూడదని. ఇవాళ ఎవరూ చూడలేదు. మూడు వారాలు టేపులు ముందుకూ వెనక్కూ తిప్పి, ఇద్దరు మగవాళ్లు కూర్చుని లెక్కపెట్టి, చివరికి ఆ లెక్క టోపీ కింద ఉందని తేల్చారు.

"లెక్క నాది," అంది ఆర్డిస్.

పీట్ తల వంచి విన్నాడు.

"ఆయన లేడు. నాకు పెళ్లే కాలేదు. ముక్కలు గుర్తుంచుకునేది నేను. తొమ్మిదేళ్ల నుంచి. నన్ను గెంటండి."

"ఆయన మీద ఈగ వాలనివ్వరు మీరు," అన్నాడు పీట్. ఎగతాళి లేదు ఆ గొంతులో. "నాకూ అలాంటి మనిషి దొరికితే బాగుండును."

"పేక ఉందా?"

పీట్ సొరుగులోంచి కొత్త పేక తీశాడు. ఏడుసార్లు కలిపాడు. ఆమె చెప్పినట్టే ఒక ముక్కను చూడకుండా లాగి, తన కప్పు కింది సాసరు ఎత్తి, దాని కింద పెట్టాడు. మిగిలినవి ఆమె చేతికిచ్చాడు.

ఆర్డిస్ తిప్పింది. చిన్నది, ఒకటి కలిపింది. రాణి, తీసేసింది. ఆసు, తీసేసింది. గదిలో పంకా చప్పుడు తప్ప ఏమీ లేదు. ఎప్పటిలా అంకె పక్కనుంచి రాలేదు. తనే కష్టపడి మోసుకొచ్చింది. చివరి ముక్క పడేసరికి ఒకటి మిగిలింది. మళ్లీ ఆలోచించుకుంది. ఒకటే.

"పెద్దది," అంది.

పీట్ సాసరు ఎత్తాడు. కళావరు మూడు.

"ఇంకోసారి," అంది ఆర్డిస్.

ఈసారి అంకె ఒకటి తక్కువ వచ్చింది. "చిన్నది," అంది. సాసరు కింద ఇస్పేటు రాజు ఉన్నాడు.

పీట్ ముక్కలన్నీ పోగుచేసి డబ్బాలో పెట్టాడు. చాలా నెమ్మదిగా పెట్టాడు, ఆమెకు సమయం ఇస్తున్నట్టు. "కాఫీ చల్లారిపోతోందమ్మా," అన్నాడు. ఆమె తాగలేదు. అతను లేచి తలుపు తెరిచి పట్టుకున్నాడు.

"ఒక్క సాయం చెయ్యండి. ఆయన కిందే ఉన్నాడు, స్టూలు మీద. మావాళ్లు వెళ్లి చెబితే నలుగురూ చూస్తారు. మీరే చెప్పి తీసుకెళితే మర్యాదగా ఉంటుంది."

ఆర్డిస్ మెట్లు దిగింది. బల్ల దగ్గర అట్ట బోర్లించే ఉంది. పక్కన గ్లాసు, అంచున నిమ్మతొక్క. స్టూలు మీద ఎవరూ లేరు. నోరీన్ మాత్రం ఆ స్టూలు వైపు చూడకుండా చూపు తిప్పుకుంది, ఎవరి అవమానాన్నో చూడలేనట్టు. ఒపల్ పళ్లెం పొట్టకు ఆనించుకుని దూరంగా నిలబడింది.

ఆర్డిస్ స్టూలు ముందు ఆగింది. ఇన్నేళ్లూ ఆ స్టూలుతో వేలసార్లు మాట్లాడింది. ఆ మాటలన్నీ ఎవరో వినాలని అన్నవి. ఇప్పుడు అనాల్సిన మాట ఇంకెవరూ వినకూడదు. అందుకని బాగా దగ్గరికి వంగింది.

"లే వెండెల్," అంది. "ఇంటికి పోదాం."

నోరీన్ అట్టను తిరగేసి మామూలుగా పెట్టింది.

బయట మంచు ఇంకా విడలేదు. వంతెన దాకా వచ్చి కమ్మీలు పట్టుకుని ఆగింది. కింద నది ఉందని చప్పుడును బట్టి తెలుస్తోంది. చిన్నప్పుడు ఇక్కడే నిలబడి చూసేది. ఆడవాళ్లు ఉంగరం విసిరేసి, వేలు రుద్దుకుంటూ నవ్వుతూ వెళ్లిపోయేవాళ్లు. ఇది విసిరేస్తే రేపటినుంచి ఆరు క్లబ్బులూ తనవి. కూర్చోవచ్చు, సోడా తాగవచ్చు, పందెం వెయ్యవచ్చు. ముక్కలు మాత్రం ముక్కల్లాగే పడతాయి, ఎరుపూ నలుపూ. విసిరెయ్యకపోతే లెక్క ఉంటుంది, బల్ల ఉండదు. ఆయన ఫోటో ఈపాటికి అయిదు క్లబ్బులకూ బయల్దేరి ఉంటుంది.

ఉంగరం తీసింది. వదులుగానే వచ్చింది. తొమ్మిదేళ్లు పెట్టుకున్న వేలు అది. దాన్ని కళ్ల దగ్గరికి తెచ్చుకుని చూసింది. ఏ గుర్తూ లేదు. చర్మం ఎక్కడా తెల్లబడలేదు, నొక్కుకుపోలేదు. ఎన్నడూ ఏమీ పెట్టుకోని వేలిలా ఉంది.

చాలాసేపు నిలబడింది. మంచులో ఎవరో నడుస్తున్నారు. ఒక అడుగు గట్టిగా, ఒక అడుగు ఈడుస్తూ. దగ్గరికి వచ్చి ఆగిన చప్పుడు వినబడింది.

ఆమె ఉంగరం మళ్లీ పెట్టుకుంది.

ఇంటికి వచ్చి కాఫీ కాచింది. పేక తీసి, ఒక ముక్కను చూడకుండా సాసరు కింద పెట్టి, మిగిలినవి తిప్పింది. ఇరవై రెండు సెకన్లు. చివర ఒకటి మిగిలింది. నోరు తెరవబోయింది. మోచేతి దగ్గర చొక్కా మెల్లగా లాగినట్టయింది.

"చిన్నది," అంది.

సాసరు ఎత్తి చూడలేదు. లేచి అల్మారాలోంచి రెండో కప్పు తీసి కడిగింది. ఎల్కోకు బస్సు పొద్దున్న ఏడింటికి. అక్కడ మూడు క్లబ్బులున్నాయి. అక్కడ ఆమె ముఖం ఎవరికీ తెలియదు. ఆయన ముఖమూ తెలియదు.

"మోకాలితో అంతసేపు కూర్చోగలవా?" అని అడిగింది.

జవాబు విన్నట్టు తల ఊపింది. సంచిలో పేక పెట్టుకుంది. నిమ్మకాయ ఒకటి పెట్టుకుంది.